కైండ్లీ రివర్ట్: మన ఇంగ్లీషు క్రియలు ఏ గుమ్మంలోంచి వచ్చాయి?

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు పోయిన నెల క్లయింటుకి ఓ మెయిలు కొట్టాడు. "కైండ్లీ చెక్ ది బిల్డ్ అండ్ రివర్ట్" అని. అట్నుంచి కంగారుగా జవాబొచ్చింది. "బిల్డుని వెనక్కి తీసెయ్యాలా? ఏం పగిలింది?" అని. మనవాడి ఉద్దేశం పాపం "చూసి సమాధానం చెప్పండి" అనే. ఆఫీసులో రెండ్రోజులు ఇదే జోకు. తరవాత అతన్ని సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగుకి పంపించారు. అక్కడ వాడకూడని మాటల జాబితా ఒకటి చేతిలో పెట్టారు. రివర్ట్, ప్రీపోన్, ఇంటిమేట్, డు ది నీడ్‌ఫుల్, పాస్డ్ అవుట్... ఇలా.

జాబితా మంచిదే. కానీ అది చెప్పని సంగతి ఒకటుంది. అసలు ఈ మాటలు మనకి ఎవరు నేర్పారు? వీటిల్లో ఎక్కువ భాగం క్రియలే ఎందుకయ్యాయి?

నా మటుకు నాకు అనిపించేదేంటంటే, మనవాళ్ళకి ఇంగ్లీషు క్రియల అర్థం తెలీక కాదు ఇబ్బంది. అర్థం బాగానే తెలుసు. స్థాయి తెలీదు. అంటే ఏ క్రియ ఏ గదిలో పుట్టింది, ఎవరు ఎవరితో మాట్లాడేటప్పుడు వాడేది, ఇప్పుడు ఎక్కడ వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది అన్నది. ఇది గ్రామరు పుస్తకంలో కన్నా చరిత్రలో ఎక్కువ దొరుకుతుంది. ఆ చరిత్రలో మా నాతవరానికి పైనున్న కొండలకి కూడా కాస్త వాటా ఉంది. అందుకే ఈ టపా. కొంచెం పెద్దది, టీ తెచ్చుకుని కూర్చోండి :)

మూడంతస్తుల మేడ

1066లో ఫ్రాన్సు ఉత్తరాన ఉన్న నార్మండీ నుంచి విలియం అనే ఆయన సైన్యంతో వచ్చి ఇంగ్లండుని గెలుచుకున్నాడు. ఆ తరవాత ఇంచుమించు మూడొందల ఏళ్ళు అక్కడి పరిస్థితి ఏంటంటే, రాజుగారి కొలువులో, కోర్టులో, పెద్ద భూస్వాముల ఇళ్ళల్లో ఫ్రెంచి. చర్చిలో, చదువులో లాటిన్. పొలంలో, వంటింట్లో, సంతలో ఇంగ్లీషు. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని 1362లో ఒక చట్టం చేశారు. తమాషా ఏంటంటే ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో!

ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు పోయారు గానీ మాటలు ఉండిపోయాయి. దాంతో ఒకే పనికి ఇంగ్లీషులో రెండు మూడు క్రియలు పోగయ్యాయి. కింది అంతస్తులో పాత ఇంగ్లీషు మాట, దాని మీద ఫ్రెంచి మాట, ఆ పైన లాటిన్ మాట. ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్. మూడింటికీ డిక్షనరీలో "అడుగు" అనే రాయచ్చు. కానీ హెచ్ఆర్ వాళ్ళు మిమ్మల్ని ఆస్క్ చేస్తే జవాబు చెప్తారు, క్వశ్చన్ చేస్తే చెమట పడుతుంది, ఇంటరాగేట్ చేస్తే లాయరుని పిలుచుకుంటారు. రైజ్, మౌంట్, అసెండ్ కూడా అంతే. బిగిన్, కమెన్స్, ఇనీషియేట్ కూడా అంతే.

ఈ మేడలో కింది అంతస్తులోనే ఒక మూల ఫ్రేజల్ వెర్బులు కాపురం ఉంటాయి. గివ్ అప్, పుట్ ఆఫ్, లుక్ ఇన్‌టు, పుట్ అప్ విత్. వీటికి పై అంతస్తులో జోడీలున్నాయి: సరెండర్, పోస్ట్‌పోన్, ఇన్వెస్టిగేట్, టాలరేట్. "పుట్" తెలిసి, "ఆఫ్" తెలిసినంత మాత్రాన "పుట్ ఆఫ్" తెలియదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన పెద్ద నిఘంటువు వేసినప్పుడే దాని ముందుమాటలో ఈ సంగతి ప్రస్తావించాడు. క్రియకి చిన్న ముక్క తగిలించి అర్థం మార్చేసే ఈ పద్ధతి పరాయి దేశస్తులకి అన్నిటికన్నా కష్టమని. అప్పటికి దీనికి పేరు కూడా లేదు. "ఫ్రేజల్ వెర్బ్" అన్న పేరు వాడుకలోకి రావడానికి ఊతం ఇచ్చింది లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వేసిన పుస్తకం.

ఇక్కడే ఒక తిరకాసుంది గమనించండి. ఇంగ్లీషువాడికి "పుట్ ఆఫ్" పసితనంలో వచ్చే మాట, "పోస్ట్‌పోన్" బడికెళ్ళాక వచ్చే మాట. మనకి సరిగ్గా తిరగేసి. "పోస్ట్‌పోన్" ఒకే మాట, ఒకే అర్థం, స్పెల్లింగు బట్టీ పడితే అయిపోతుంది. "పుట్ ఆఫ్" మాత్రం ఎప్పటికీ అనుమానమే. అంటే వాళ్ళకి వీధి మాట మనకి కష్టం, వాళ్ళకి కోర్టు మాట మనకి సులువు. మనం మెయిల్లో బరువైన క్రియలు వాడేది గొప్ప కోసం కాదండీ, అవే మన చేతికి అందుతాయి కాబట్టి.

మనింట్లోనూ అదే మేడ

ఇదంతా వింతగా అనిపిస్తే ఒక్కసారి తెలుగుని చూడండి. మనకీ మూడంతస్తులున్నాయి. కింద అచ్చ తెలుగు, దాని మీద సంస్కృతం, పక్కన కచేరీ గదిలో పారశీ, అరబ్బీ మాటలు. ఈ మూడోవి గోల్కొండ సుల్తానులు, మొగలుల పాలనలో శిస్తు లెక్కలతో పాటు వచ్చినవి. తరవాత వచ్చిన ఈస్టిండియా కంపెనీ వాటిని అలాగే ఉంచేసింది.

అడిగాడు, ప్రశ్నించాడు, దర్యాప్తు చేశాడు.
ఇచ్చాడు, సమర్పించాడు, దాఖలు చేశాడు.
తీసుకున్నారు, స్వీకరించారు, జప్తు చేశారు.
ఒప్పుకున్నారు, అంగీకరించారు, మంజూరు చేశారు.

చదవడం రాని మా ఊరి రైతుకి కూడా ఇందులో ఏది ఎక్కడ వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పొరుగాయన పార "తీసుకుంటాడు", బ్యాంకు వాళ్ళు ట్రాక్టరు "జప్తు చేస్తారు". బ్యాంకు వాళ్ళు ట్రాక్టరు "స్వీకరించారు" అంటే నవ్వుతాడు. స్థాయి అంటే ఇదే. ఈ చెవి మనకి పుట్టుకతో ఉంది. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆ చెవిని ఇంట్లో వదిలేసి వస్తున్నాం, అంతే.

ఇంకో తమాషా చూడండి. ఈ మూడంతస్తులకీ వ్యాకరణంలో చాలావరకు మూడు గుర్తులున్నాయి. తెలుగు క్రియకి ఏ తోకా అక్కర్లేదు (అడుగు, ఇచ్చు). సంస్కృతం మాట క్రియ అవ్వాలంటే "ఇంచు" తగిలించాలి (ప్రశ్నించు, సమర్పించు). పారశీ మాటకి "చేయు" తగిలించాలి (దాఖలు చేయు, రద్దు చేయు). ఇంగ్లీషు వచ్చినప్పుడు మనం దాన్ని మూడో గదిలోనే పెట్టాం. స్టార్ట్ చేయు, కమెన్స్ చేయు, డౌన్‌లోడ్ చేయు. ఇంగ్లీషులో కింది అంతస్తు మాటైనా, పై అంతస్తు మాటైనా మనకి వచ్చేసరికి అన్నిటికీ ఒకటే "చేయు". దాంతో వాటి మధ్య ఎత్తుపల్లాలు చదునైపోయాయి. "మీటింగ్ స్టార్ట్ చేద్దాం" అన్నా "కమెన్స్ చేద్దాం" అన్నా తెలుగు చెవికి పెద్ద తేడా లేదు. రెండూ ఇంగ్లీషే, రెండూ ఆఫీసే.

ఇక మర్యాద సంగతి. తెలుగులో మర్యాద క్రియ చివర్లో ఉంటుంది. రా, రండి. ఇంకా పెద్దవాళ్ళొస్తే దయచేయండి. ఇంగ్లీషు క్రియకి ఆ తోక లేదు. "కమ్" అంటే రా, రండి రెండూనూ. మరి పై ఆఫీసరుకి రాసేటప్పుడు మన "అండి"ని ఎక్కడ పెట్టాలి? అందుకే "కైండ్లీ" వచ్చింది. నాకు తెలిసినంతలో మనవాళ్ళ మెయిళ్ళలో "కైండ్లీ" అంటే "దయతో" కాదు, అది "అండి"కి తర్జుమా. ఇంగ్లీషువాడు అదే మర్యాదని "కుడ్ యూ", "వుడ్ యూ" అనే ప్రశ్నల్లో చూపిస్తాడు. అందుకే మన "కైండ్లీ" అతనికి మర్యాదగా కాకుండా నోటీసులా వినిపిస్తుంది.

వంటింటి గుమ్మం కాదు, కచేరీ గుమ్మం

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఇంగ్లీషు వాళ్ళు మన తీరంలో 1611లో మచిలీపట్నంలో దుకాణం తెరిచారు. బేరసారాలు దుబాసీల ద్వారా నడిచేవి. దేశం చేతికొచ్చాక దుబాసీల మీద ఆధారపడటం కుదర్లేదు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టి, కుర్ర దొరలకి తెలుగు, తమిళం వగైరా నేర్పించారు. 1817లో మద్రాసు వచ్చిన సి.పి. బ్రౌన్ అలా నేర్చుకున్నవాడే.

బ్రౌన్ అనగానే మనకి వేమన పద్యాలు, పెద్ద నిఘంటువు గుర్తొస్తాయి. కానీ ఆయన 1852లో "తెలుగు రీడర్" అని ఇంకో పుస్తకం వేశాడు. అందులో ఉన్నది కవిత్వం కాదు, ఉత్తరాలు. సొంత ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల ఉత్తరాలు, వాటికి ఇంగ్లీషు అనువాదం. కలెక్టరు దొర ముందుకి వచ్చే కాయితం చదవగలగాలి కదా మరి. 1854లో ఇంకో అడుగు ముందుకేసి, తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకి, మిశ్రమ భాషకి విడిగా ఒక నిఘంటువే వేశాడు. పైన చెప్పిన మూడో గది అంత పెద్దదని ఆయనకి అర్థమైంది.

ఇటు పక్క చూడండి. 1835లో మెకాలే మినిట్, 1854లో వుడ్ డెస్పాచ్, 1857లో మద్రాసు యూనివర్సిటీ. ఇంగ్లీషు చదివితే కచేరీలో ఉద్యోగం. మనకి ఇంగ్లీషు పక్కింటి పిల్లలతో ఆడుకుంటే రాలేదు, పెళ్ళిళ్ళల్లో, సంతలో రాలేదు. కచేరీ గుమ్మంలోంచి, అర్జీ రూపంలో వచ్చింది. అందుకే మనకి ముందుగా వచ్చిన క్రియలు అడుక్కునేవీ, విన్నవించుకునేవీ. బెగ్, రిక్వెస్ట్, సబ్మిట్, ఫర్నిష్, ఇంటిమేట్. అట్నుంచి వచ్చే జవాబులో గ్రాంట్, శాంక్షన్, రిజెక్ట్.

మరి దొరలు మన దగ్గర్నుంచి ఏ క్రియలు తీసుకున్నారో తెలుసా? 1886లో యూల్, బర్నెల్ కలిసి "హాబ్సన్-జాబ్సన్" అనే నిఘంటువు వేశారు, ఇండియాలోని ఇంగ్లీషు వాళ్ళ వాడుక మాటలతో. అందులో హిందుస్తానీ నుంచి తీసుకున్న కొన్ని క్రియలున్నాయి. పకడో, లగావో, బనావో. పట్టుకో, ఒడ్డుకి చేర్చు, తయారుచెయ్యి. గమనించారా, అన్నీ ఆజ్ఞలే! మన క్రియలు వాళ్ళకి తెలిసింది ఆజ్ఞ రూపంలో మాత్రమే. ఆ ఆజ్ఞ రూపాన్నే ధాతువు అనుకుని ఇంగ్లీషు క్రియగా వాడేసుకున్నారు.

వాళ్ళు మన క్రియల్ని ఆజ్ఞలుగా నేర్చుకున్నారు, మనం వాళ్ళ క్రియల్ని అర్జీలుగా నేర్చుకున్నాం. ఈ టపాలో ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. మిగతాదంతా ఇందులోంచి వచ్చేదే.

నమ్మకం లేకపోతే బళ్ళో మనందరం బట్టీ పట్టిన లీవు లెటరు గుర్తు తెచ్చుకోండి. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్. యువర్స్ ఒబీడియంట్లీ." గ్రాంట్ అనేది ఫ్రెంచి అంతస్తు మాట, రాజుగారు భూములూ ఇనాములూ ఇచ్చేటప్పుడు వాడేది. రెండ్రోజుల జ్వరానికి మనం ఈనాటికీ ఇనాం అడుగుతున్నాం. సబ్మిట్ లాటిన్, దాని మూలార్థం "కిందికి పెట్టు". అర్జీదారు తనని తాను తగ్గించుకుని పెట్టుకునే విన్నపం. ఇప్పుడు ప్రతి వెబ్ ఫారం చివర ఉండేది ఆ బటనే. రోజుకి ఎన్నిసార్లు నొక్కుతామో :)

ఇక "డు ది నీడ్‌ఫుల్". ఇది మనం పుట్టించింది కాదు. ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఉత్తరాల్లో మామూలుగా వాడేవాళ్ళు. అక్కడ పాతబడిపోయింది, ఇక్కడ ఉండిపోయింది. 1948లో సర్ ఎర్నెస్ట్ గోవర్స్ అనే ఆయన బ్రిటిష్ సర్కారు ఉద్యోగుల కోసం "ప్లెయిన్ వర్డ్స్" అని చిన్న పుస్తకం రాశాడు. బరువైన మాటలు మానండి, సూటిగా రాయండి అని. అంటే వాళ్ళు మేడ దిగడం మొదలెట్టేసరికి మనకి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. మనం పై అంతస్తులోనే కూర్చుని ఉన్నాం, కిందికి దిగండి అన్న సర్క్యులర్ మనకి అందలేదు!

రిజర్వ్, షాట్, ఎన్‌కౌంటర్

ఇంతవరకు నవ్వుకునే విషయాలే. ఇప్పుడు మా వైపు కొండల సంగతి చెప్తాను. మా నాతవరం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది, అంతకుముందు విశాఖ జిల్లా. దగ్గర్లోని పెద్ద ఊరు నర్సీపట్నం. అక్కణ్ణుంచి పైకెళ్తే కృష్ణదేవిపేట, చింతపల్లి, గూడెం కొండలు.

1882లో మద్రాసు ఫారెస్ట్ యాక్ట్ వచ్చింది. ఆ చట్టంలో ముఖ్యమైన క్రియ "రిజర్వ్". మీకూ నాకూ రిజర్వ్ చెయ్యడం అంటే రైలు టిక్కెట్టు. కోర్టు తీర్పు రిజర్వ్ చేసిందంటే, తరవాత చెప్తానని పక్కన పెట్టింది. పోడు చేసుకుని బతికే కొండవాడికి అడవి రిజర్వ్ చేశారంటే, నిన్నటిదాకా నీ తాతలు గింజలు చల్లిన చోట ఇవాళ అడుగుపెడితే నేరం. క్రియ ఒకటే. ఎవరు, ఎవరి కోసం, ఎవరి దగ్గర్నుంచి రిజర్వ్ చేస్తున్నారన్న దాన్ని బట్టి అర్థం.

పోడు మీద ఆంక్షలకి తోడు గూడెం ఘాట్ రోడ్డు పనిలో వెట్టి చాకిరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. సర్కారు వారి ఇంగ్లీషు కాయితాల్లో దీన్ని "ఫితూరీ" అన్నారు. మన కచేరీ గది మాటే, తర్జుమా చెయ్యకుండా ఇంగ్లీషులో పెట్టేసుకున్నారు. తిరుగుబాటు అంటే ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్న వస్తుంది. ఫితూరీ అంటే కొండల్లో అప్పుడప్పుడు వచ్చే గొడవ, అంతే. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

1924 మే 7న సీతారామరాజుని పట్టుకుని కొయ్యూరులో కాల్చేశారు. సర్కారు చెప్పింది ఏంటంటే, తప్పించుకోబోతుంటే కాల్పుల్లో పోయాడని. ఇంగ్లీషులో "షాట్ వైల్ అటెంప్టింగ్ టు ఎస్కేప్". జనం చెప్పుకునేది చెట్టుకి కట్టి కాల్చారని. ఇందులో క్రియల పనితనం చూడండి. "ఎగ్జిక్యూట్" అన్న లాటిన్ అంతస్తు మాట వాడాలంటే దాని వెనక ఒక ఉత్తర్వు ఉండాలి. దాని మూలార్థమే ఇచ్చిన ఆజ్ఞని చివరిదాకా అమలు చెయ్యడం. మన ప్రోగ్రాం ఎగ్జిక్యూట్ అయినా, ఉరిశిక్ష ఎగ్జిక్యూట్ అయినా అర్థం అదే. రాజుకి విచారణ జరగలేదు, తీర్పు రాలేదు. అందుకని ఆ మాట వాడే వీల్లేదు. "షాట్" అని ఊరుకుంటే, ఎవరు, ఎందుకు అన్న ప్రశ్నలు మిగుల్తాయి. దానికి జవాబుగా "తప్పించుకోబోతుంటే" అని తోక. వాక్యంలో కాల్చినవాడు కనపడడు. పారిపోయినవాడే కనపడతాడు.

అక్కణ్ణుంచి దాదాపు యాభై ఏళ్ళు ముందుకి రండి, పక్క జిల్లా శ్రీకాకుళానికి. 1970 ప్రాంతాల్లో నక్సలైటు ఉద్యమం నాటి వార్తల్లో ఇంకో క్రియ తెలుగులోకొచ్చింది. ఎన్‌కౌంటర్. పాత ఫ్రెంచిలో దానర్థం ఎదురుపడటం. ఇంగ్లీషువాడు "ఐ ఎన్‌కౌంటర్డ్ ఏ ప్రాబ్లమ్" అంటే సమస్య ఎదురైందని. పోలీసు కథనంలోనూ మొదట అదే అర్థం, దళం ఎదురుపడింది, ఎదురుకాల్పులు జరిగాయి అని. కానీ తెలుగువాడి నోట్లో పడేసరికి అది "ఎన్‌కౌంటర్ చేశారు" అయింది. "ఫలానావాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు" అంటే మా ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా ఎదురుపడ్డారని అర్థం కాదు. చంపేశారని అర్థం. పై అంతస్తు మాట దాచిపెట్టిన కర్తని, మన "చేశారు" బయటికి లాగేసింది. పైన "చేయు" అన్నిట్నీ చదును చేస్తుందన్నాను కదా, ఒక్కోసారి అది నిజం కూడా చెప్తుంది. 2014లో సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రతి చావుకీ ఎఫ్ఐఆర్ ఉండాలి, స్వతంత్ర దర్యాప్తు జరగాలి అని మార్గదర్శకాలు ఇచ్చింది. "ఎదురుపడ్డారు" అన్న మాటతో సరిపెట్టుకోవడం కుదరదని చట్టం ఒప్పుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

ఎంత మాత్రం పోలిక కాదు గానీ, అదే వ్యాకరణం మన మెయిల్ బాక్సులోకీ వస్తుంది. 2022, 2023ల్లో ఉద్యోగాలు పోయినప్పుడు వచ్చిన మెయిళ్ళు గుర్తున్నాయా? "యువర్ రోల్ హ్యాజ్ బీన్ ఇంపాక్టెడ్." ఎవరు ఇంపాక్ట్ చేశారు? తోకచుక్కా? తీసేసినవాడు వాక్యంలో ఉండడు. క్రియ స్థాయి తెలియడం అంటే మర్యాదగా మాట్లాడటం ఒక్కటే కాదు. ఎదుటివాడు మర్యాదగా మాట్లాడుతూ ఏం దాస్తున్నాడో కనిపెట్టడం కూడా.

అంతస్తు చెప్పే నిఘంటువులు

మరి ఇవన్నీ మనకి ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు, కాస్త ఆలస్యంగా. బ్రౌన్ లాంటి వాళ్ళ నిఘంటువుల్లో ఒక ఇంగ్లీషు మాటకి నాలుగైదు తెలుగు మాటలు వరసగా ఉంటాయి. అది దొరకి సరిపోతుంది, ఇంగ్లీషు అతని సొంత భాష కాబట్టి. ఇంగ్లీషు నేర్చుకునేవాడికి కావలసింది వేరు. ఆ సంగతి ఇండియాలో, జపానులో పాఠాలు చెప్పిన ఇంగ్లీషు మాస్టర్లకి ముందు అర్థమైంది. బెంగాల్లో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1935లో నేర్చుకునేవాళ్ళ కోసం నిఘంటువు వేశాడు. జపానులో పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ, సహచరులతో కలిసి ఇంకోటి 1942లో టోక్యోలో వేశాడు, యుద్ధం మధ్యలో! అందులో ప్రతి క్రియకీ దాని తరవాత ఏ రకం వాక్యం వస్తుందో నమూనాలు ఇచ్చాడు. 1948లో దాన్నే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు మళ్ళీ వేశారు. మనం పోటీ పరీక్షలకి కొనుక్కునే లావుపాటి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. క్రియ పక్కన ఫార్మల్, ఇన్‌ఫార్మల్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, అదే అంతస్తు నంబరు. ఇంకా విశేషం, అందులో "రివర్ట్"కి "జవాబివ్వు" అన్న అర్థం కూడా ఎక్కింది, ఇండియన్ ఇంగ్లీషు అన్న గుర్తుతో.

హైదరాబాదులో 1958లోనే ఇంగ్లీషు బోధనకి కేంద్ర సంస్థ పెట్టారు. తరవాత సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ యూనివర్సిటీ అయింది. పాఠాలు మారాయి గానీ మన ఊరి బడి దాకా వచ్చింది మాత్రం ఎక్కువగా లీవు లెటరే.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. 1900 తరవాత మొదటి దశాబ్దంలో యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు విశాఖ ప్రాంతానికి వచ్చాడు. తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో ఒక తెలుగు, జనం నోట్లో ఒక తెలుగు ఎందుకుందని అడిగాడు. గిడుగు రామమూర్తి, గురజాడ, శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నని పట్టుకుని వ్యావహారిక భాషోద్యమం నడిపారు. అంటే మా ఉత్తరాంధ్ర పెద్దలు తెలుగుని పై అంతస్తు నుంచి దించడానికి పోరాడారు, గెలిచారు. అదే రోజుల్లో అదే బళ్ళలో ఇంగ్లీషు మాత్రం "ఐ బెగ్ టు రిమైన్" అంటూ మేడ మీదే ఉంది. దాన్ని దించడానికి ఏ గిడుగూ పుట్టలేదు.

ఇక మన కీబోర్డు దగ్గరికి

మనకి కింది అంతస్తు క్రియలు రావు అనుకుంటే పొరపాటు. రన్, గెట్, ఫెచ్, పుష్, పుల్, కిల్, డ్రాప్, సెట్ అప్, లాగ్ ఇన్, రోల్ బ్యాక్. అన్నీ కింది అంతస్తు మాటలు, లేదా దానికి దగ్గర్లోవి. వీటిని వాడేటప్పుడు మనం తడబడం. "టర్మినేట్" సిగ్నల్‌కీ "కిల్" సిగ్నల్‌కీ తేడా అడగండి, నిద్రలో లేపినా చెప్తారు. మొదటిది ప్రాసెస్‌కి సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది, రెండోది ఇవ్వదు. పై అంతస్తు మాటకి మర్యాద ఎక్కువ, కింది మాటకి మొహమాటం లేదు. ఇది మనకి ఎవరూ లీవు లెటరులో నేర్పలేదు. పని చేస్తూ, ఎవడు ఎప్పుడు ఏ మాట వాడుతున్నాడో చూసి నేర్చుకున్నాం. ఏ భాషైనా వచ్చేది అలాగే.

కాబట్టి నేను పాటించే పద్ధతి చెప్తాను. ఏదైనా బరువైన ఇంగ్లీషు క్రియ రాయబోయే ముందు మూడు ప్రశ్నలు.

1. దీన్ని తెలుగులో చెప్తే ఏ గదిలో పడుతుంది? అడిగాడా, ప్రశ్నించాడా, దర్యాప్తు చేశాడా? పక్క సీటు మనిషిని "దర్యాప్తు" చెయ్యం కదా.

2. ఈ క్రియకి కర్త ఉన్నాడా? నేనే చేసిన పనైతే "నేను చేశాను" అంటాను. ఎదుటివాడి వాక్యంలో కర్త లేకపోతే, ఎవరు అని అడుగుతాను.

3. ఇది పనికి అడుగుతున్నానా, అర్జీ పెడుతున్నానా? సెలవు నా హక్కైతే "గ్రాంట్" అక్కర్లేదు. "శుక్రవారం సెలవు తీసుకుంటున్నాను" చాలు.

ఇదంతా చదివి ప్రీపోన్, రివర్ట్ అన్నవాళ్ళని వెక్కిరించకండి. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రీపోన్ ఉంటే తప్పేంటి? చక్కటి మాట, ఇప్పుడు డిక్షనరీలకి కూడా ఎక్కింది. మన మధ్య వాడుకోండి, పరాయివాడికి రాసేటప్పుడు ఆలోచించుకోండి, అంతే. మన ముత్తాతలు ఆ క్రియలతోనే భూములకీ, నీళ్ళకీ, ఉద్యోగాలకీ అర్జీలు పెట్టుకుని బతికారు. వాళ్ళకి అర్జీ తప్ప వేరే దారి లేదు. మనకి ఉంది. క్లయింటు కలెక్టరు దొర కాదు, మనం అర్జీదారులం కాదు.

మీ ఆఫీసుల్లో తిరిగే ఇలాంటి క్రియలేవైనా ఉంటే చెప్పండి. అది ఏ అంతస్తుదో, ఏ గుమ్మంలోంచి వచ్చిందో కలిసి వెతుకుదాం.